ఉండి చేసే ఆయా పనికి జీతం సరిపోతుందో లేదో లెక్క వేయడం ఎలా?

"ఇంట్లోనే ఉండి పాపను చూసుకోవాలి. తిండి, గది మావే. నెలకు ఇంత ఇస్తాం" అని ఎవరైనా అనగానే మన మనసు ఆ చివరి అంకె దగ్గరే ఆగిపోతుంది. నాకూ అలాగే జరిగింది. గుంటూరు బ్రాడీపేటలో మొదటిసారి ఆయాగా చేరినప్పుడు తొమ్మిది వేలు అన్నారు. అంతకుముందు నేను మిరపకాయల తొడిమలు తీయడానికి వెళ్ళేదాన్ని. కాయ ఉన్న రోజే పని, పని ఉన్న రోజే డబ్బు. నెల తిరిగేసరికి తొమ్మిది వేలు ఒక్కసారిగా చేతిలో పడతాయంటే ఇంకేమీ ఆలోచించలేదు. మర్నాడే బట్టల సంచి సర్దుకున్నాను.

మూడో నెలకి గానీ తెలిసి రాలేదు. నేను ఒప్పుకున్నది పగటి పనికి, చేస్తున్నది రాత్రి పని కూడా. ఆ రాత్రులకు వాళ్ళూ వెల కట్టలేదు, నేనూ కట్టలేదు.

ఆ తర్వాత విజయవాడ పటమటలో ఇంకో ఇంట్లో నాలుగేళ్ళు చేశాను. ఇప్పుడు మా వీధిలో ఎవరికైనా ఇలాంటి పని వస్తే ముందు నా దగ్గరకొచ్చి కూర్చుంటారు. వాళ్ళ చేత నేను వేయించే లెక్కే ఇది. చేరబోయేది మీరైనా, మీ అమ్మ, అక్క తరఫున చదువుతున్నా, ఒక కాగితం, పెన్ను తెచ్చుకోండి. క్యాలిక్యులేటర్ ఫోన్‌లో ఉంటుంది కదా, అది చాలు.

ముందు అడగాల్సింది రోజంతా ఏం చేయాలో

జీతం ఎంత అని మొదటే అడగొద్దు. "పాప పొద్దున్న ఎన్నింటికి లేస్తుంది అమ్మగారూ?" అని మొదలుపెట్టండి. అక్కడి నుంచి ఒక్కో గంటా నడుచుకుంటూ రండి. పాలు ఎవరు కలుపుతారు, సీసాలు ఎవరు మరిగిస్తారు, స్నానం ఎవరు పోస్తారు, మధ్యాహ్నం ఎంతసేపు పడుకుంటుంది, సాయంత్రం మేడమ్ ఆఫీసు నుంచి ఎన్నింటికి వస్తారు, వచ్చాక పాపను తీసుకుంటారా లేక మీ చంకలోనే ఉంటుందా, రాత్రి ఎవరి పక్కన పడుకుంటుంది. ఇవన్నీ ఊరికే మాటల్లో అడిగినట్టే అడగొచ్చు. పిల్ల గురించి ఇంత వివరంగా అడిగే మనిషి అంటే వాళ్ళకూ నమ్మకం కలుగుతుంది. మీకేమో పని ఎంతో తెలిసిపోతుంది.

ఇంటికి వచ్చాక కాగితం మీద నిలువుగా గీత గీసి, ఒక పక్క పాప పని, ఇంకో పక్క ఇంటి పని రాయండి. పాప బట్టలు ఉతకడం పాప పనే. అందరి బట్టలూ మడత పెట్టడం ఇంటి పని. పాపకు ఉగ్గు వండడం పాప పని, పొద్దున్న టిఫిన్‌కి పచ్చడి నూరడం ఇంటి పని. కుడి పక్కన నాలుగైదు పడ్డాయంటే వాళ్ళు ఆయా జీతంతో పనిమనిషిని, వంటమనిషిని కూడా కలిపి అడుగుతున్నారని అర్థం. అది తప్పని అనను. చేసేవాళ్ళు చేస్తారు. కాకపోతే రెండు పనులకు ఒక జీతం ఇస్తే అది తక్కువ జీతమే.

ఇంట్లో స్కూలుకెళ్ళే పెద్ద పిల్లాడు ఉన్నాడా, మంచం మీదున్న పెద్దావిడ ఉన్నారా, ఇది కూడా అడగండి. "ఆవిడకి మీరేం చేయక్కర్లేదమ్మా, ఊరికే మందులు అందిస్తే చాలు" అంటారు. పది రోజులకి బాత్రూమ్‌కి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళడం కూడా మీ పనే అవుతుంది. కాదని ఎలా అంటాం? ముసలావిడ పిలిస్తే పలకకుండా ఉండలేం. అందుకే ముందే జీతంలో చేర్చి అడగాలి.

రాత్రి లెక్క

ఉండి చేసే పనిలో అందరూ వదిలేసేది ఇదే. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

బ్రాడీపేట ఇంట్లో బాబుకి నాలుగో నెల. రాత్రి నా పక్కనే పడుకునేవాడు. పాలకు లేచేవాడు, తడిపి లేచేవాడు, ఒక్కోసారి కడుపు నొప్పికి ఏడ్చేవాడు. పొద్దున్నే అమ్మగారు "రాత్రి బాగా పడుకున్నాడా?" అని అడిగితే "ఆఁ, రెండుసార్లు లేచాడండి" అనేదాన్ని. ఎన్నిసార్లు లేచాడో నాకే సరిగ్గా గుర్తుండేది కాదు. ఆ నెలలో ఒక పని చేశాను. ఖాళీ పౌడర్ డబ్బా ఒకటి దిండు దగ్గర పెట్టుకుని, లేచిన ప్రతిసారీ ఒక చింతపిక్క అందులో వేశాను. 30 రాత్రులకు 71 పిక్కలు. ఒక్కోసారికి పాలు పట్టడం, తేపు రప్పించడం, జోకొట్టడం కలిపి అరగంట తక్కువ కాదు. అంటే నెలకు 35 గంటలు. రోజుకు ఎనిమిది గంటల చొప్పున చూస్తే నాలుగు రోజుల పైచిలుకు పని, అదంతా నిద్ర మానుకుని చేసింది.

ఆ డబ్బా తీసుకెళ్ళి అమ్మగారి ముందు పెట్టాను. గొడవ పడలేదు. ఆవిడ పిక్కలు ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నారు, చాలాసేపు ఏమీ అనలేదు. ఆ నెల నుంచి పదిహేను వందలు పెంచారు. శనివారం రాత్రి బాబును వాళ్ళ గదిలోనే పడుకోబెట్టుకున్నారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. రాత్రి జరిగేది ఆవిడకు కనపడలేదు, అంతే.

మీరు చేరకముందు చింతపిక్కలు ఉండవు కాబట్టి వయసును బట్టి అంచనా వేసుకోండి. మూడు, నాలుగు నెలల లోపు బిడ్డయితే రెండు మూడు గంటలకోసారి పాలు కావాలి, రాత్రి మూడు నాలుగుసార్లు లేవాల్సిందే. తల్లి పాలే పడుతున్నా, బిడ్డను తీసుకెళ్ళి అందించడం, మళ్ళీ తెచ్చి పడుకోబెట్టడం మీ మీదే ఉంటే అది కూడా లేవడమే. కవల పిల్లలైతే ఒకరు పడుకోగానే ఇంకొకరు లేస్తారు, రెట్టింపు కంటే ఎక్కువే అవుతుంది. ఏడాది దాటిన పిల్లలు చాలావరకు పడుకుంటారు గానీ, పళ్ళు వచ్చేటప్పుడు, జ్వరం వచ్చినప్పుడు జాగారమే.

ఇంకో ప్రశ్న: మీరు పడుకునేది ఎక్కడ? పాప గదిలోనా, హాల్లోనా, వంటింటి పక్క చాప మీదా? మే నెలలో విజయవాడ ఎండ ఎలా ఉంటుందో తెలుసు కదా. గాలి ఆడని చోట పడుకుని పొద్దున్నే పసిబిడ్డను ఎత్తుకుని తిరగడం ఎవరి వల్లా కాదు. చేరకముందే ఆ చోటును కళ్ళతో చూడండి. గడియ పెట్టుకునే తలుపు, మీరు వాడుకునే బాత్రూమ్ ఉన్నాయో లేదో చూడండి. ఇది అడగడానికి మొహమాటపడొద్దు.

గంటకు ఎంత పడుతోంది

ఇప్పుడు భాగహారం. ఒక ఉదాహరణ తీసుకుందాం. అంకెలు నేను వేసినవే, మీ అంకెలు పెట్టి మీరు వేసుకోండి.

జీతం 14,000. పొద్దున్న ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా పని, అంటే 15 గంటలు. మధ్యాహ్నం నిజంగా మీకు దొరికే ఖాళీ రెండు గంటలు తీసేస్తే 13. రాత్రి మూడుసార్లు లేస్తే గంటన్నర. మొత్తం రోజుకు 14 గంటల 30 నిమిషాలు. నెలకు రెండు రోజులు సెలవు, 28 రోజులు పని. 14.5ను 28తో హెచ్చిస్తే 406 గంటలు. 14,000ను 406తో భాగిస్తే గంటకు 34 రూపాయల 50 పైసల దాకా వస్తుంది.

ఖాళీ అన్నాను కదా, దానికి నా దగ్గర ఒక కొలత ఉంది. ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగి కిందికి వెళ్ళి రాగలిగితే అది మీ సమయం. పాప పడుకుంది, మీరూ నడుం వాల్చారు, కానీ చెవి పాప మీదే ఉంది, ఇంట్లో ఇంకెవరూ లేరు అంటే అది ఖాళీ కాదు. అలాంటి గంటను నేను అరగంట పనిగా రాస్తాను.

ఇప్పుడు పక్కనే ఇంకో ఉద్యోగం పెట్టి చూడండి. బట్టల షాపులో తొమ్మిది వేలు, రోజుకు తొమ్మిది గంటలు, నెలకు 26 రోజులు అనుకుందాం. 234 గంటలు. గంటకు 38 రూపాయల పైన పడుతుంది. నెల జీతం చూస్తే ఆయా పనిలో అయిదు వేలు ఎక్కువ, గంటల్లో చూస్తే నాలుగు రూపాయలు తక్కువ. పైగా షాపు పని అయ్యాక ఇంటికొచ్చి మన పిల్లల పక్కన పడుకుంటాం.

చట్టం ఏమంటుందో కూడా చెప్పుకోవాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లోనే ఇంటి పనిని కనీస వేతనాల కిందికి తెచ్చారు. కరువు భత్యం మారినప్పుడల్లా ఆ రేట్లూ మారుతుంటాయి. ఇవాళ అమల్లో ఉన్న రేటు ఎంతో కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్ళి అడిగితే చెబుతారు. 2025 నవంబరు 21న దేశమంతటా వేతనాల కోడ్ అనే కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. మామూలు పనిగంటలు దాటాక చేసే పనికి రెట్టింపు రేటు కట్టాలన్న నియమం పాత చట్టంలోనూ ఉంది, దీంట్లోనూ ఉంది.

ఆ నియమం ప్రకారం ఒక లెక్క వేసి చూద్దాం. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఎనిమిది గంటలతో భాగిస్తే గంటకు 38 రూపాయలు దాటుతుంది. మన ఉదాహరణలో 14.5 గంటల పని ఉంది కదా. మొదటి ఎనిమిది మామూలు రేటు, మిగతా ఆరున్నర రెట్టింపు. రోజుకు 806 రూపాయలు, 28 రోజులకు దాదాపు 22,500. మట్టి పని కూలి రేటుతో కట్టినా ఇంత అవుతుంది. పసిబిడ్డ ప్రాణం చేతిలో పెట్టుకుని చేసే పని అంతకంటే తక్కువ నేర్పున్నదా?

22,500 అడిగితే చాలా ఇళ్ళల్లో తలుపు వేసేస్తారని నాకూ తెలుసు. నాలుగు గోడల మధ్య పనికి చట్టాన్ని పట్టుకొచ్చి అమలు చేయించడం కష్టం. నేను ఈ లెక్క చెబుతున్నది, బేరం ఆడేటప్పుడు మీ మనసులో ఒక గీత ఉండాలని. ఆ గీత తెలిస్తే 14,000 అన్నప్పుడు మొహం విప్పారదు, 12,000కి దిగినప్పుడు కాళ్ళు వణకవు.

తిండి, గది గురించి

"తిండీ గదీ ఇస్తున్నాంగా, ఇంక జీతమంతా మిగులే" అంటారు. సగం నిజం.

తిండి విలువ కట్టాల్సింది వాళ్ళింట్లో కూరకు ఎంతయిందో చూసి కాదు. మీ ఇంట్లో మీ ఒక్కరి వల్ల తగ్గే ఖర్చు ఎంతో అంతే. నలుగురికి వండే అన్నంలో ఒకరు తగ్గితే గ్యాస్ తగ్గదు, అద్దె తగ్గదు. బియ్యం, కూరలు, పాలు కలిపి రెండు వేలు తగ్గుతుందనుకుందాం. ఆ రెండు వేలే కలపండి. 16,000ను 406తో భాగిస్తే గంటకు 39 రూపాయలు అవుతుంది. కొంచెం బాగుపడింది.

గదికి మాత్రం నేను ఒక్క రూపాయి కూడా వేయను. మీ ఇంటి అద్దె మీరు కడుతూనే ఉన్నారు. మీరు అక్కడ పడుకునేది రాత్రి పాప ఏడిస్తే లేవడానికి. అది వాళ్ళ అవసరం. కాపలా మనిషికి గేటు దగ్గర కుర్చీ వేసి, కుర్చీకి అద్దె పట్టుకుంటారా?

తిండి విషయంలో ఒక మాట. వాళ్ళు తిన్నదే మీకూ పెడతారా, ఏ వేళకు పెడతారు అన్నది మొదటి రోజే తెలిసిపోతుంది. రాత్రి పదకొండింటికి మిగిలిన అన్నం తినే చోట తిండి విలువ రెండు వేలు వేయకండి.

మీరు లేకపోతే ఇంట్లో పడే ఖర్చు

దీన్ని కూడా రాయాలి, చాలామంది రాయరు. మీ పిల్లలను అత్తగారు చూస్తే ఆవిడ కూలికి వెళ్ళడం మానేస్తారు. పక్కింటావిడకు అప్పజెబితే ఎంతో కొంత ఇవ్వాలి. మీరు వండని రోజు టిఫిన్ బండి దగ్గర కొంటారు. మా చిన్నాడు నేను లేని ఏడాదే ట్యూషన్‌లో చేరాడు, హోంవర్క్ చేయించేవాళ్ళు లేక. ఇవన్నీ కలిపి నెలకు 2,500 అనుకుంటే, 16,000లోంచి తీసేయండి. 13,500 మిగిలింది. 406తో భాగిస్తే 33 రూపాయల పైన. బట్టల షాపు రేటు కంటే మళ్ళీ కిందికి వచ్చేశాం.

బస్సు ఖర్చు మాత్రం ఇప్పుడు తగ్గింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లె వెలుగు, సిటీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు. తెనాలి నుంచి గుంటూరుకో, గుంటూరు నుంచి విజయవాడకో రోజూ వచ్చి వెళ్ళడం ఇదివరకంత భారం కాదు. అందుకని ఇప్పుడు నేను అందరినీ ఒక ప్రశ్న అడుగుతున్నాను: ఇదే ఇంటి వాళ్ళను "పొద్దున్న ఎనిమిదింటికి వచ్చి రాత్రి ఏడింటికి వెళ్తాను, జీతం ఎంతిస్తారు?" అని అడిగి చూశారా? పగలు మాత్రం వచ్చే మనిషికి, ఉండే మనిషికి వాళ్ళు చెప్పే తేడాయే వాళ్ళు రాత్రికి కట్టే వెల. ఆ తేడా రెండు వేలే అయితే, 28 రాత్రులకు ఒక్కో రాత్రి 71 రూపాయలు. ఆ డబ్బుకు మీ నిద్ర ఇస్తారా అన్నది మీరే చెప్పాలి.

చుట్టుపక్కల ఎంత ఇస్తున్నారో తెలుసుకోండి

పనిమనుషులను కుదిర్చే ఏజెన్సీ వాళ్ళు చెప్పే రేటు వాళ్ళ కమీషన్ కలిపిన రేటు. దాని మీద ఆధారపడకండి. వెళ్ళబోయే అపార్ట్‌మెంట్‌లోనే వాచ్‌మన్ భార్యను కదిలించండి, ఏ ఫ్లాట్‌లో ఎవరికి ఎంతో ఆవిడకు తెలియనిది ఉండదు. సాయంత్రం అయిదింటికి పిల్లలను కిందికి ఆడించడానికి తెచ్చే ఆయాలను పలకరించండి. కనీసం ముగ్గురిని అడగండి, ఒక్కరి మాట మీద నిలబడొద్దు. జీతం ఒకటే అడిగితే లాభం లేదు. పిల్ల వయసెంత, రాత్రి ఉంటారా, సెలవులెన్ని అని మూడూ కలిపి అడిగితేనే పోలిక కుదురుతుంది. పోరంకి, కానూరు వైపు కొత్త అపార్ట్‌మెంట్లలో ఒక రేటు ఉండొచ్చు, వన్‌టౌన్ పాత ఇళ్ళల్లో ఇంకో రేటు ఉండొచ్చు.

ఆ ఇంట్లో ఇంతకుముందు పని చేసిన ఆయా ఎందుకు మానేసిందో కూడా అడగండి. ఏడాదిలో ముగ్గురు మారారంటే కారణం తెలియకుండా చేరకండి.

సెలవులు, పండగలు, అడ్వాన్సు

సెలవు అంటే మీ ఊళ్ళో ఒక రాత్రి పడుకుని రావడం. ఆదివారం పొద్దున్న పదింటికి వెళ్ళి సాయంత్రం ఆరుకల్లా రమ్మంటే అది పూట సెలవు, అలాగే రాసుకోండి. నాగా పెడితే రోజుకు ఎంత కోస్తారో ఇప్పుడే అడగండి. వాళ్ళే ఊరెళ్ళి "నువ్వూ ఇంటికి వెళ్ళు" అన్న రోజులకు జీతం కోయకూడదు, అది మీరు పెట్టిన నాగా కాదు.

విజయవాడలో అయితే దసరా గురించి ప్రత్యేకంగా అడగాలి. అమ్మవారి దర్శనానికి ఊళ్ళ నుంచి బంధువులు దిగుతారు, ఇల్లంతా పిల్లలే, ఆ రోజుల్లో పని రెండింతలు. సంక్రాంతికి అందరూ సొంతూరు వెళ్తారు, పాప కోసం మిమ్మల్నీ రమ్మంటారు, మీ ఇంట్లో భోగి మంట మీరు లేకుండానే వేస్తారు. పండక్కి చీర పెట్టడం వాళ్ళ ప్రేమ. పండగ రోజు పనికి డబ్బు ఇవ్వడం వేరు. చీరను జీతంలో కలుపుకోకండి.

అడ్వాన్సు గురించి గట్టిగా చెబుతున్నాను. 30,000 తీసుకుని నెలకు మూడు వేల చొప్పున పది నెలల్లో తీరుస్తానంటే, ఆ మాట కాగితం మీద ఉండాలి. ప్రతి నెలా ఎంత తెగిందో, ఎంత మిగిలిందో ఇద్దరూ సంతకం పెట్టాలి. "బాకీ తీరేదాకా మానడానికి లేదు" అంటే మాత్రం ఆ డబ్బు ముట్టుకోకండి. అప్పు చూపించి మనిషిని పనిలో కట్టేయడాన్ని 1976లోనే వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం నేరం చేసింది. ఏజెన్సీ మొదటి నెల జీతంలో సగం తీసుకుంటామంటే దాన్ని మొదటి సంవత్సరం జీతంలోంచి తీసేసి లెక్క వేయండి. ఆధార్ జిరాక్స్ ఇవ్వండి, అసలు కార్డు ఎవరి చేతికీ ఇవ్వకండి.

ఎలా మాట్లాడాలి

లెక్క తక్కువ వచ్చిందని వెంటనే కాదనుకోనక్కర్లేదు. నేను నేర్చుకున్నది ఏమిటంటే, డబ్బు పెంచడానికి వెనకాడే ఇళ్ళు కూడా గంటలు తగ్గించడానికి ఒప్పుకుంటాయి. మన ఉదాహరణే చూడండి. రాత్రి ఏడింటికల్లా తల్లి పాపను తీసుకుంటే పగటి పని 13 నుంచి 11 గంటలకు దిగుతుంది. రాత్రి గంటన్నర కలిపి 12.5. సెలవులు రెండుకు బదులు నాలుగు చేస్తే 26 రోజులు. నెలకు 325 గంటలు. అదే 14,000ను 325తో భాగిస్తే గంటకు 43 రూపాయలు. వాళ్ళ చేతి నుంచి ఒక్క రూపాయి ఎక్కువ రాకుండానే మీ రేటు ఎనిమిది రూపాయలు పెరిగింది.

నేనైతే ఇలా అంటాను: "అమ్మగారూ, పాప విషయంలో మీకు ఏ లోటూ రానివ్వను. కానీ రాత్రంతా మెలకువగా ఉంటే పగలు పాపను ఎత్తుకుని మెట్లు దిగడం నాకే భయమండి. వారానికి రెండు రాత్రులు మీ దగ్గర పడుకోబెట్టుకోండి. కుదరదంటే రాత్రులకు విడిగా కట్టివ్వండి." ఇందులో అబద్ధం లేదు, బెదిరింపు లేదు. నిద్ర లేని మనిషి చేతిలో బిడ్డ ఉండటం ఎవరికీ మంచిది కాదు, తల్లికి ఆ మాట వెంటనే తెలుస్తుంది.

ఒప్పుకున్నవన్నీ ఒక తెల్ల కాగితం మీద రాయించండి: జీతం, ఏ తారీఖున ఇస్తారు, గంటలు, సెలవులు, రాత్రులు, చేయని పనులు ఏమిటి, ఎప్పుడు పెంచుతారు. ఫోన్‌లో ఫొటో తీసుకోండి. జీతం ఫోన్‌పేలోనో బ్యాంకు ఖాతాలోనో వేయమనండి. మీ ఖాతాలోనే వేయించుకోండి, మీ ఆయన ఖాతాలో కాదు.

జీతం పెంచనంటే ఇంకోటి అడగొచ్చు. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనకు ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో పోతే కుటుంబానికి రెండు లక్షలు వస్తుంది. శ్రమ్ యోగి మాన్‌ధన్ పెన్షన్‌లో 18 నుంచి 40 ఏళ్ళ లోపు వాళ్ళు, నెలకు 15,000 దాటని వాళ్ళు చేరవచ్చు. 29వ ఏట చేరితే నెలకు 100 రూపాయలు కట్టాలి, కేంద్రం ఇంకో 100 వేస్తుంది, 60 దాటాక నెలకు మూడు వేల పెన్షన్. ఈ రెండూ వాళ్ళనే కట్టమని అడగండి. ఇంత చిన్న మొత్తానికి కాదనే ఇల్లు తక్కువ. మనలాంటి అసంఘటిత కార్మికులకు ఇచ్చే ఈ-శ్రమ్ కార్డు ఉచితం, లేకపోతే చేరకముందే చేయించుకోండి.

ఎంత ఇచ్చినా వద్దనాల్సినవి

మీ ఫోన్ వాళ్ళ దగ్గర పెట్టమంటే వద్దు. బయట తాళం వేసి వెళ్తామంటే వద్దు. ఇంట్లో మగవాళ్ళు ఉన్నప్పుడు గడియ లేని చోట పడుకోమంటే వద్దు. ఇంటి పని చేసే ఆడవాళ్ళకు కూడా 2013 నాటి లైంగిక వేధింపుల చట్టం వర్తిస్తుంది. ఫిర్యాదు తీసుకోవడానికి జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. 181 మహిళల హెల్ప్‌లైన్, 112 పోలీసు. జీతం ఎగ్గొడితే 15100కు ఫోన్ చేస్తే న్యాయ సేవాధికార సంస్థ పలుకుతుంది, ఆడవాళ్ళకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. ఈ నంబర్లు చేరకముందే ఫోన్‌లో వేసుకోండి.

ఇంకొకటి. "పాపతో ఆడుకోవడానికి మీ పన్నెండేళ్ళ అమ్మాయిని పంపండి, చదివిస్తాం, పెళ్ళి చేస్తాం" అని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. 14 ఏళ్ళలోపు పిల్లలను ఇంటి పనిలో పెట్టుకోవడం 2006 అక్టోబరు 10 నుంచి నిషేధం. ఆ పిల్లకు ఎంత జీతం అని లెక్క వేయడమే వద్దు. నాకు తెలిసిన ఒక పిల్ల అలా వెళ్ళి, ఏడో తరగతి దాకా చదివింది కూడా మర్చిపోయి తిరిగొచ్చింది.

చేరాక మొదటి నెల

లెక్క అక్కడితో అయిపోదు. మొదటి నెల రోజూ పడుకునే ముందు ఒక చిన్న పుస్తకంలో మూడు అంకెలు రాయండి: ఎన్నింటికి లేచారు, మధ్యాహ్నం నిజంగా ఎంతసేపు ఖాళీ దొరికింది, ఎన్నింటికి పడుకున్నారు. రాత్రులకు చింతపిక్కలు. నెలాఖరున అన్నీ కూడి, మొదటి కాగితం మీద మీరు వేసుకున్న గంటలతో పోల్చండి. నా అనుభవంలో మాట్లాడుకున్న దానికంటే రోజుకు గంటైనా ఎక్కువే తేలుతుంది.

ఆ పుస్తకం జీతం ఇచ్చే రోజే చూపించండి, రెండు వారాలు ఆలస్యం చేస్తే ఆ ఎక్కువ పని అలవాటైపోయి వాళ్ళ హక్కులా మారుతుంది. ఆరో నెలలో మళ్ళీ రాయండి. అప్పటికి పాప పాకుతూ ఉంటుంది, రాత్రి లేవడం తగ్గుతుంది, పగలు మాత్రం ఒక్క నిమిషం కూడా కూర్చోనివ్వదు. పాపకు ఏడాది నిండే పుట్టినరోజుకు ముందు వారం జీతం పెంచే మాట ఎత్తండి. ఆ వారం బంధువులందరూ వస్తారు కాబట్టి మీరు లేకుండా వాళ్ళకు ఏ పనీ కాదు. ఆ వారమే మీ పుస్తకం తీసి ముందు పెట్టండి.